ముప్పు గురించిన పుస్తకం చదివి సొంత ఆలోచన రాసుకోవడం ఎలా

రిస్క్ గురించీ, దెబ్బ తిన్నాక నిలదొక్కుకోవడం గురించీ రాసిన ఒక పుస్తకాన్ని కొన్నేళ్ల క్రితం చదివి, నచ్చిన వాక్యాలన్నిటినీ ఒక నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. దాదాపు నలభై పేజీలు నిండాయి. ఏడాది తర్వాత ఆ నోటుబుక్కు తిరగేస్తే అందులో నా వాక్యం ఒక్కటీ కనిపించలేదు. మునిగిన ఓడలు, కూలిన వంతెనలు, దివాలా తీసిన బ్యాంకులు అన్నీ వరుసగా ఉన్నాయి కానీ, ఆ ఏడాదిలో నేను తీసుకున్న నిర్ణయాల్లో ఒక్కటైనా వాటి వల్ల మారిన ఆనవాలు లేదు. పైగా అదే ఏడాది, పదేళ్ల రాతలున్న కంప్యూటరునూ, వాటి నకలు దాచిన హార్డ్ డిస్కునూ ఒకే సంచిలో పెట్టుకుని ప్రయాణం చేసి, ఆ సంచినే పోగొట్టుకున్నాను. 'రెండో ప్రతి తప్పక ఉండాలి' అన్న వాక్యం కింద నోటుబుక్కులో రెండు గీతలు గీసి ఉన్నాయి.

ఇలాంటి పుస్తకాలు ఆసక్తిగా సాగడానికి కారణం వాటిలోని ప్రమాద కథలే, వాటి వల్ల మనకు పెద్దగా ఒరగకపోవడానికీ కారణం ఆ కథలే. ఇతరుల పతనం గురించి చదువుతున్నంతసేపూ మనం ఒడ్డున కూర్చున్నవాళ్లం. కింద వివరించే పద్ధతి ఉద్దేశమల్లా ఒక్కటే: పుస్తకంలోని ప్రధానమైన ఆలోచనను మనం నిజంగా తీసుకున్న, లేదా తీసుకోబోతున్న ఒక నిర్ణయం పక్కన నిలబెట్టి, అది అక్కడ ఎంతవరకు నిలుస్తుందో రాతలో తేల్చుకోవడం.

పుస్తకం తెరవకముందే ఒక పేజీ

మొదటి అధ్యాయం చదవకముందే ఒక తెల్లకాగితం మీద తేదీ వేసి, మీరు భయపడుతున్న విషయాలు మూడు, భయపడకుండా ఆధారపడుతున్న విషయాలు మూడు రాయండి. ఈ రెండో జాబితా రాయడమే కష్టం. ఒకే ఆదాయం, ఒకే యంత్రం, ఒకే మనిషి జ్ఞాపకశక్తి, ఒకే నైపుణ్యం లాంటివి మన కంటికి ఆనవు, ఎందుకంటే అవి ఇంతవరకు ఎప్పుడూ ఆగలేదు. ఒక్కొక్కదాని పక్కన 'ఇది రేపటి నుంచి లేకపోతే ఎన్ని రోజులు నెట్టుకురాగలను' అన్న ప్రశ్నకు రోజుల లెక్కలో జవాబు రాయండి. 'కొంతకాలం' అని రాస్తే అది జవాబు కాదు.

ఈ పేజీని చదివాక రాద్దామని వాయిదా వేయకండి. ఒక విషయం ఎలా ముగిసిందో తెలిశాక, అది ముందే తెలిసినట్టు అనిపించడం మనసు స్వభావం. మనస్తత్వ పరిశోధకుడు బరూక్ ఫిష్‌హాఫ్ 1975లో ప్రచురించిన ప్రయోగాల్లో, 1814 నాటి బ్రిటిష్-గూర్ఖా యుద్ధాన్ని గురించిన వివరణను చదివించి, ఒక్కో బృందానికి ఒక్కో ముగింపును నిజమైనదిగా చెప్పారు. తమకు చెప్పిన ముగింపే జరగడానికి ఎక్కువ అవకాశం ఉండిందని ఆయా బృందాలు అంచనా వేశాయి. పుస్తకం చదివిన తర్వాత రాసుకునే భయాల జాబితా కూడా అలాగే రచయిత భయాల జాబితాగా మారిపోతుంది, మనదేనన్న నమ్మకం మాత్రం మిగిలిపోతుంది.

మాటల దగ్గర ఆగడం

ఈ పుస్తకాల్లో 'రిస్క్' అన్న మాట ఒక్కో పేజీలో ఒక్కో అర్థంలో వస్తుంది. ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లోనే కొలవగలిగిన అవకాశాన్ని రిస్క్ అనీ, కొలతకు అందనిదాన్ని అనిశ్చితి అనీ విడదీశారు. పాచిక వేస్తే ఆరు పడే అవకాశం ఆరింట ఒకటి అని చెప్పగలం. మన వృత్తి ఇరవయ్యేళ్ల తర్వాత కూడా ఉంటుందా అన్న ప్రశ్నకు అలాంటి భిన్నం ఏదీ లేదు. రెండో రకం విషయాన్ని రచయిత మొదటి రకం అంకెతో చెబుతున్న ప్రతిచోటా అంచున ఒక గుర్తు పెట్టుకోండి. పుస్తకం పూర్తయ్యేసరికి ఆ గుర్తులే రచయితను ఎంతవరకు నమ్మవచ్చో చెబుతాయి.

ఇక 'రెజిలియెన్స్' సంగతి. దీన్ని తెలుగులో స్థితిస్థాపకత అని రాస్తున్నారు. అది లాగి వదిలితే పాత ఆకారానికి వచ్చే రబ్బరు గుణానికి భౌతికశాస్త్రం వాడే మాట. వాడుకలో మనకు ఇంతకన్నా పదునైన మాటలున్నాయి. దెబ్బ తగిలినా కదలకుండా ఉంటే తట్టుకోవడం. దెబ్బకు దిమ్మెరపోయి, మళ్లీ ఈ లోకంలోకి వస్తే తేరుకోవడం. పోయిన బలాన్ని నెమ్మదిగా తిరిగి తెచ్చుకుంటే కోలుకోవడం. నిలుచున్న నేలే జారిపోయినప్పుడు మరోచోట కాలు ఆనించగలిగితే నిలదొక్కుకోవడం. పుస్తకంలో రెజిలియెన్స్ అన్న మాట కనిపించిన ప్రతిసారీ ఈ నాలుగింటిలో ఏది సరిపోతుందో పైన రాయండి. ఒకే పేరాలో రచయిత తట్టుకోవడం గురించి మొదలుపెట్టి నిలదొక్కుకోవడం దగ్గర ముగించిన సందర్భాలు నాకు చాలాసార్లు ఎదురయ్యాయి. తెలుగులో ఆలోచించడం వల్లే అది పట్టుబడింది.

ఈ తేడా మాటల తగువు మాత్రమే కాదు. జీవావరణ శాస్త్రవేత్త సి. ఎస్. హోలింగ్ 1973లో రాసిన ప్రసిద్ధమైన వ్యాసంలో స్థిరత్వం వేరు, నిలదొక్కుకునే శక్తి వేరు అని వాదించారు. కెనడా తూర్పు అడవుల్లో ఒక రకం పురుగు అప్పుడప్పుడూ విపరీతంగా పెరిగి ఫర్ చెట్లను చంపేస్తుంది, తర్వాత దాని సంఖ్య పడిపోతుంది, అడవి మళ్లీ పెరుగుతుంది. అంకెలు చూస్తే అక్కడ స్థిరత్వమే లేదు, అయినా ఆ అడవి తరతరాలుగా కొనసాగుతోంది. దీన్ని మీ తెల్లకాగితం మీది రెండో జాబితాకు అన్వయించి చూడండి. పదిహేనేళ్లుగా ఏ ఒడిదుడుకూ లేకుండా వస్తున్న ఒకే ఆదాయం స్థిరత్వానికి సాక్ష్యమే తప్ప, అది ఆగిన రోజున నిలదొక్కుకోగలమనడానికి సాక్ష్యం కాదు.

కథను సగంలో ఆపడం

ప్రమాదం కథ మొదలవగానే ఏకబిగిన చదివేయకుండా, నిర్ణయం తీసుకోవలసిన ఘట్టం రాగానే పుస్తకం మూసి, 'ఇంతవరకే తెలిసి ఉంటే నేనేం చేసేవాణ్ణి' అని రెండు వాక్యాలు రాయండి. ఆ తర్వాతే ముగింపు చదవండి. మొదట్లో ఇది చిరాకు పుట్టిస్తుంది. నేను ఇలా రాసిన మొదటి పదింటిలో ఎక్కువ భాగం, పుస్తకం తప్పుపట్టిన మనిషి చేసిన పనే రాశాను. 'ఎంత మూర్ఖులు' అనుకుంటూ చదివిన మనుషులతో నాకున్న దగ్గరి బంధుత్వం ఆ పది జవాబుల్లో బయటపడింది.

గెలిచినవారి కథల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో గణాంక శాస్త్రవేత్త అబ్రహాం వాల్డ్, తిరిగొచ్చిన విమానాలకు తగిలిన దెబ్బలను బట్టి, తిరిగిరాని విమానాలు ఎక్కడ దెబ్బతిని ఉంటాయో అంచనా కట్టే గణిత పద్ధతిని రూపొందించారు. తిరిగొచ్చినవాటికి దెబ్బలు తక్కువగా కనిపించిన భాగమే నిజానికి ప్రాణాంతకమైన భాగం కావచ్చునన్నది దాని సారాంశం. ఈ ఉదంతం చెప్పని రిస్క్ పుస్తకం అరుదు. విచిత్రమేమిటంటే, దీన్ని చెప్పిన పుస్తకమే మరుసటి అధ్యాయంలో, సర్వస్వం పణంగా పెట్టి బాగుపడిన నలుగురి కథలు చెప్పి, అదే విధంగా పణంగా పెట్టి ఆనవాలు లేకుండా పోయినవారి ఊసు ఎత్తదు. అలాంటి అధ్యాయం ఎదురైతే అంచున 'తిరిగిరానివారు?' అని రాసుకుని ముందుకు సాగండి.

లెక్క స్వయంగా వేయడం

అంకెలున్న పేజీని చాలామంది దాటేస్తారు, కానీ ఈ విషయంలో ఆలస్యం చేయవలసింది అక్కడే. కాగితం, పెన్సిలు, మామూలు కాలిక్యులేటరు చాలు.

'వందేళ్లకోసారి వచ్చే వరద' అన్న మాటను తీసుకుందాం. వినగానే ఒకసారి వచ్చిందంటే మరో వందేళ్లు నిశ్చింత అనిపిస్తుంది. నిజానికి దాని అర్థం ఏ సంవత్సరంలోనైనా అది వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. ఒక ఏడాది రాకుండా ఉండే అవకాశం 0.99, ముప్పై 0.99లను ఒకదానితో ఒకటి గుణిస్తే దాదాపు 0.74 వస్తుంది. అంటే ముప్పై ఏళ్లలో కనీసం ఒకసారి రావడానికి 26 శాతం అవకాశం ఉంది. డెబ్బై ఏళ్లకు లెక్కిస్తే సగానికి కాస్త పైన తేలుతుంది. ఏడాదికి చిన్నదిగా కనిపించే అంకె జీవితకాలానికి వచ్చేసరికి నాణెం ఎగరేసినంత పని అవుతుంది.

ఇంకో లెక్క నా ఆలోచననే తలకిందులు చేసింది. నాణెం బొమ్మ పడితే మీ దగ్గరున్న మొత్తం 50 శాతం పెరుగుతుంది, బొరుసు పడితే 40 శాతం తగ్గుతుంది అనుకోండి. 100తో మొదలుపెడితే ఒక్క ఆట తర్వాత 150 కావచ్చు, 60 కావచ్చు, సగటు 105. కాబట్టి ఆడవలసిన ఆటలాగే కనిపిస్తుంది. అదే మనిషి వరుసగా ఆడుతూ పోతే మాత్రం, ఒక బొమ్మ, ఒక బొరుసు కలిసి 100ను 90 చేస్తాయి. పది బొమ్మలు, పది బొరుసులు పడేసరికి చేతిలో దాదాపు 35 మిగులుతుంది. చాలామంది ఒక్కొక్కసారి ఆడినప్పుడు వచ్చే సగటు వేరు, ఒకే మనిషి పదేపదే ఆడినప్పుడు ఎదురయ్యేది వేరు. పుస్తకంలో 'సగటున లాభమే' అన్న మాట వచ్చినప్పుడు, అది ఎవరి సగటు అని అడగడం అలవాటు చేసుకోండి.

అంకె ఎవరి నోటి నుంచి వచ్చిందన్నది కూడా చూడాలి. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక కూలిన తర్వాత దర్యాప్తు సంఘంలో సభ్యుడైన భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్, నౌకను కోల్పోయే అవకాశాన్ని పనిచేసే ఇంజినీర్లు నూరింట ఒకటిగా చెబుతుంటే, యాజమాన్యం లక్షలో ఒకటిగా చెబుతోందని తన అనుబంధ నివేదికలో ఎత్తి చూపారు. ఆ నౌకల కార్యక్రమం 2011లో ముగిసేసరికి 135 ప్రయాణాల్లో రెండు నౌకలు నాశనమయ్యాయి. యంత్రానికి దగ్గరగా ఉన్నవారి అంచనాయే నిజానికి దగ్గరగా ఉంది, అదీ కాస్త తక్కువ అంచనాయే.

రెండో దారి నిజంగా రెండోదేనా

ఈ తరహా పుస్తకాలన్నిటిలో కనిపించే సలహా: ఒక్కదాని మీదే ఆధారపడకండి, అదనంగా ఇంకొకటి ఉంచుకోండి. తలూపి ముందుకు వెళ్లిపోయే సలహా ఇది. నా సంచి సంగతి ముందే చెప్పాను కాబట్టి, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

1989 జులై 19న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232వ విమానం ఆకాశంలో ఉండగా తోకలోని ఇంజిను ఫ్యాన్ చక్రం పగిలిపోయింది. ఆ డీసీ-10 విమానంలో రెక్కల మీదా, తోక మీదా ఉండే కదిలే పలకలను ద్రవ పీడనంతో నడిపే హైడ్రాలిక్ వ్యవస్థలు మూడు ఉన్నాయి. ఒకటి పోతే రెండోది, రెండోది పోతే మూడోది. కానీ మూడింటి గొట్టాలూ తోక దగ్గర ఒకే ప్రాంతం గుండా వెళ్లడంతో, ఎగిరిన లోహపు ముక్కలు మూడింటినీ ఒకేసారి పనికిరాకుండా చేశాయి. కాగితం మీద మూడు, ఆ ఒక్క చోట మాత్రం ఒకటే. 2011 మార్చి 11న ఫుకుషిమా దాయిచి అణు కేంద్రంలోనూ జరిగింది ఇదే. అత్యవసర డీజిల్ జనరేటర్లు అనేకం ఉన్నా, చాలావరకు పల్లపు అంతస్తుల్లోనే ఉండటంతో సునామీ నీరు వాటిని ఒక్క ఊపులో ముంచేసింది.

అందుచేత 'నాకు రెండో మార్గం ఉంది' అని మీరు రాసుకున్న ప్రతిచోటా ఇంకో వాక్యం చేర్చాలి: 'ఈ రెండూ కలిసి పోవాలంటే ఏం జరగాలి?' ఒకే రంగంలో రెండు ఉద్యోగాలు, ఒకే తాళంచెవితో తెరుచుకునే రెండు పెట్టెలు, ఒకే ఫోనుకు సందేశం వస్తేనే తెరుచుకునే మూడు ఖాతాలు — ఇవన్నీ ఈ ప్రశ్న ముందు నిలవవు. నా రెండో జాబితాలో మొదటిసారి ఈ ప్రశ్న వేసుకున్నప్పుడు నాలుగు 'రెండో మార్గాల్లో' మూడు కొట్టేయవలసి వచ్చింది.

ఆ విమానం కథ అక్కడితో ఆగలేదు. ఏ మీటా పనిచేయని స్థితిలో పైలట్లు, ప్రయాణికుడిగా ఉన్న ఒక శిక్షక పైలట్ సాయంతో, మిగిలిన రెండు ఇంజిన్ల వేగాన్ని మాత్రమే హెచ్చిస్తూ తగ్గిస్తూ విమానాన్ని సూ సిటీ విమానాశ్రయం దాకా తెచ్చారు. దిగేటప్పుడు అది ముక్కలైంది. ఉన్న 296 మందిలో 112 మంది మరణించారు, 184 మంది బతికారు. హోదాలు పక్కన పెట్టి ఒకరి మాట ఒకరు వినేలా సిబ్బందికి అంతకుముందు ఇచ్చిన శిక్షణ వల్లే ఇది సాధ్యమైందని కెప్టెన్ తర్వాత పదేపదే చెప్పారు. పైన చెప్పిన నాలుగు మాటల్లో చూస్తే, మూడు వ్యవస్థలు తట్టుకోవడానికి ఏర్పాటు చేసినవి, ఆ శిక్షణ నిలదొక్కుకోవడానికి పనికొచ్చింది. మొదటిదాన్ని కొనవచ్చు, రెండోదాన్ని ముందే సాధన చేయాలి.

రచయితతో విభేదించవలసిన చోటు

ప్రతి పుస్తకానికీ ఒక ఇష్టమైన సూత్రం ఉంటుంది, ఏది కనపడినా దానికే ముడిపెడుతుంది. 'ఒత్తిడి బలాన్ని పెంచుతుంది' అన్నది అలాంటిదొకటి. ఎముకల విషయంలో ఇది నిజమే. బరువు మోసే ఎముక గట్టిపడుతుంది, బరువు లేని అంతరిక్షంలో వ్యోమగాముల తుంటి, వెన్ను ఎముకలు నెలకు సుమారు ఒక శాతం చొప్పున సాంద్రత కోల్పోతాయి. అయితే విశ్రాంతి లేకుండా అదే బరువు పదేపదే పడితే అదే ఎముక చిట్లుతుంది. మోతాదు, విరామం అన్న రెండు షరతులను వదిలేసి సూత్రాన్ని మాత్రమే ఎత్తుకుంటే, అలసిపోయిన మనిషికి ఇంకా బరువెత్తమని సలహా ఇచ్చినట్టవుతుంది.

ఉదాహరణను కూడా తరచి చూడాలి. చిన్న మంటలన్నిటినీ ఆర్పేస్తే ఎండుపుల్లలు పేరుకుని చివరికి పెద్ద మంట వస్తుందని చెప్పడానికి 1988లో ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానంలో జరిగిన దహనాన్ని చూపడం మామూలు. అమెరికాలో కొన్ని పొడి పైన్ అడవుల విషయంలో ఆ వాదన సరైనదే. ఎల్లోస్టోన్‌లో ఎక్కువగా ఉన్న లాడ్జ్‌పోల్ పైన్ అడవులు మాత్రం సహజంగానే వందల ఏళ్ల వ్యవధిలో పెద్ద మంటలకు గురయ్యేవి, ఆ ఏడాది మంటలకు ముఖ్య కారణం తీవ్రమైన కరువు, గాలులు. సూత్రం తప్పు కాదు, ఉదాహరణే దానికి తగినది కాదు. మీకు బాగా తెలిసిన రంగం నుంచి రచయిత తెచ్చిన ఒక్క ఉదాహరణను ఇలా పరీక్షించండి. మిగతా రంగాల్లో ఆయన ఎంత జాగ్రత్తపడి ఉంటారో అంచనా దొరుకుతుంది.

రాయడం

ఇంత చేశాక రాయడం పెద్ద పనేమీ కాదు. పుస్తకం సారాంశంతో మొదలుపెట్టకండి, సారాంశం ఎక్కడైనా దొరుకుతుంది. ఇంకా తీసుకోని ఒక నిర్ణయంతో మొదలుపెట్టండి. దాన్ని రెండు వాక్యాల్లో చెప్పి, పుస్తకంలోని ఏ ఒక్క ఆలోచన దానికి తగులుతుందో, ఏ షరతు మీద తగులుతుందో రాయండి.

ఆ తర్వాత మనవాళ్లు 'కీడెంచి మేలెంచు' అన్న పని చేయాలి. ఆ నిర్ణయం తీసుకుని ఏడాది గడిచిందనీ, పూర్తిగా విఫలమైందనీ అనుకుని, ఎందుకు విఫలమైందో జరిగిపోయిన విషయంగా, భూతకాలంలో రాయండి. 'విఫలం కావచ్చు' అని రాస్తే మర్యాదపూర్వకమైన కారణాలే తోస్తాయి. 'విఫలమైంది' అని రాసినప్పుడు, పైకి చెప్పుకోవడానికి ఇష్టపడని కారణాలు కలం కిందకు వస్తాయి. వాటిలో కోలుకోగలిగిన వైఫల్యాలను ఒక పక్క, మళ్లీ ఆట ఆడే అవకాశమే లేకుండా చేసేవాటిని మరో పక్క పెట్టండి. మొదటి రకానికి ఎక్కువ సమయం ఇవ్వనక్కరలేదు. రెండో రకంలో ఒక్కటి కనిపించినా, లాభం ఎంత ఊరిస్తున్నా నిర్ణయం రూపం మార్చవలసిందే.

చివరగా, ఏం జరిగితే మీ అభిప్రాయం మార్చుకుంటారో ఒక వాక్యం రాసి, తేదీ వేసి, ఆరు నెలల తర్వాతి ఒక రోజును క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఆ రోజున ముందుగా చదవవలసింది మీరు ఇలా రాసిన వ్యాసాన్ని కాదు, పుస్తకం తెరవకముందు రాసిన ఆ తెల్లకాగితాన్ని. రోజుల లెక్కలో వేసిన జవాబుల పక్కన కొత్త అంకెలు వేరే రంగు సిరాతో రాయండి. నా కాగితం మీద మొదటి వరుసలో 'రాతల నకలు' అని, దాని పక్కన 'సున్నా రోజులు' అని ఉంది. ఇప్పుడు నకలు మూడు చోట్ల ఉంటోంది, వాటిలో ఒకటి నేను ఉండే ఇంట్లో లేదు. రెండో వరుసలోని అంకె మాత్రం ఇంకా మారలేదు.